ఏడుపు సినిమాలు చెప్పకూడని షెడ్డు

“చేతులు కిందకి! కిందకి! కళ్లు ముట్టుకోబాకండే!” అని మా మేనత్త అరుస్తూనే ఉంది. అప్పటికే ఆలస్యమైపోయింది. ముందు వరసలో కూర్చున్నవాళ్లంతా కళ్లు తుడిచేసుకున్నారు. వాళ్లెందుకు గోల పెడుతున్నారో చూద్దామని లేచిన వెనక వరస వాళ్లు కూడా, కళ్లల్లో నీళ్లు అడ్డంగా ఉన్నాయని చేత్తో పక్కకు నెట్టారు. ఇంకేముంది! షెడ్డు షెడ్డంతా లేచి నీళ్ల డ్రమ్ము దగ్గరకు పరుగు. “ఓరి దేవుడో!” అని ఒకావిడ, “నా కన్ను పోయిందే!” అని ఇంకొకావిడ. ఒకావిడైతే ఆ మంటలో కూడా నా వైపు తిరిగి, “ఆ పిల్ల రైలెక్కిందా లేదా, అది చెప్పి చావవే!” అని అరిచింది.

సినిమా కథ చెప్తూ నేను అన్నది రెండే మాటలు. రైలు కదిలింది. ఆ పిల్ల ఈ పక్క ప్లాట్‌ఫారం మీద వెతుకుతోంది, వాడు ఆ పక్క కిటికీలోంచి చూస్తున్నాడు. అంతే. ఈ రెండు మాటలకి మిరపకాయల పని అంతసేపు ఆగిపోతుందని నాకేం తెలుసు?

మొదటిసారి కూలి పనికో, కొట్లో పనికో వెళ్తున్న చెల్లెళ్లు కొందరు, “నీ మొదటి ఉద్యోగం ఏంటక్కా?” అని అడుగుతుంటారు. నేనిప్పుడు ఒంగోల్లో బట్టల కొట్లో చీరలు మడతపెడుతున్నాను. దానికి ముందు సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో, మిర్చి షెడ్డులో తొడిమలు తీసేదాన్ని. పేరుకి తొడిమల పని. నిజానికి నా ఉద్యోగం హిందీ సినిమాలు చెప్పడం. నవ్వకండి, అదొక ఉద్యోగమే.

ఎండు మిరపకాయ తీసుకోవాలి, తొడిమ తుంచాలి, రంగు పోయిన తాలు కాయని పక్కకి విసరాలి, మంచి కాయని బుట్టలో వెయ్యాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా ఇదే. బుట్ట నిండితే కాటాకి ఇవ్వాలి. ఎంత తూగితే అంత కూలి. గ్లౌజులు ఇచ్చారు గానీ అవి వేసుకుంటే తొడిమ చేతికి అందదు. అందుకని చేతులకి ఆముదం రాసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చునేవాళ్లం. ఫోను చూద్దామా అంటే కుదరదు. ఆ చేతులతో ఫోను పట్టుకుంటే, రాత్రికి అదే ఫోను పిల్లలు పట్టుకుని కళ్లు నలుపుకుంటారు. అలా మా ముఠాలో ఒకరిద్దరి ఇళ్లల్లో జరిగింది కూడా. కాబట్టి ఫోన్లన్నీ సంచుల్లో, సంచులన్నీ గోడ మేకులకి. మిగిలింది నోరొక్కటే.

తెలుగు సినిమా చెప్దామంటే మొదటి సీను చెప్పేలోపే నలుగురు చివరి సీను చెప్పేస్తారు. హిందీ అయితే ఎవరూ చూసి ఉండరు. నాకు హిందీ ఎలా వచ్చిందంటారా? మా నాన్న నెల నెలా డబ్బు కట్టక్కర్లేని డిష్ పెట్టించాడు. దాంట్లో మీట నొక్కినప్పుడల్లా హిందీయే. అందులోనూ పాతవి, నలుపు తెలుపువి, అప్పుడప్పుడే రంగులొచ్చినవి. ముందు బొమ్మలు చూశాను, తర్వాత పాటలు పట్టుకున్నాను, ఎప్పుడో తెలియకుండానే మాటలు అర్థమవడం మొదలైంది. పదో తరగతిలో నేను దాటిన ఒక్క సబ్జెక్టు కూడా అదే. మిగతావాటి సంగతి ఇక్కడ అనవసరం.

కథ చెప్తుంటే చెయ్యి నెమ్మదిస్తుంది కదా, నా కూలి పోతుంది కదా. దానికి మా ముఠాలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. బుట్ట కాటాకి తీసుకెళ్లే ముందు ప్రతి ఒక్కరూ దానిలోంచి ఒక పిడికెడు తీసి నా బుట్టలో వేసేవాళ్లు. దాన్ని కథ పిడికెడు అనేవాళ్లం. కథ బాగుంటే పిడికిలి పెద్దదయ్యేది. హీరో తాగుబోతై సోది మొదలుపెడితే చిన్నదయ్యేది. సినిమా బాగుందో లేదో నా బుట్ట చూస్తే తెలిసిపోయేది.

సరే, రైలు గోల అయ్యాక గుమస్తాగారు వచ్చారు. కాటా చూసేది, బస్తాలు లెక్క పెట్టేది ఆయనే. మంచి మనిషే గానీ ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు ఉంటారు. “ఏమ్మా, పని చేయిస్తున్నావా, పాడె కట్టిస్తున్నావా? ఇవాళ్టి నుంచి ఈ షెడ్డులో ప్రేమ కథలు బంద్!” అన్నారు.

“అట్టాగేనండీ. నవ్వులాటవి చెప్పుకోవచ్చాండీ?” అంది మా అత్త. మా ముఠాకి మేస్త్రి ఆవిడే.

“నవ్వితే ఎవరికి నష్టం? చెప్పుకోండి.”

ఎవరికి నష్టమో మర్నాడే తెలిసింది. సినిమాలో ఒక గుమస్తా, తను ఇష్టపడ్డ పిల్లని మెప్పించడానికి వాళ్ల దొర కారు చెప్పకుండా తెచ్చుకుంటాడు. పిల్లని ఎక్కించుకుని సగం ఊరు తిరిగాక చూస్తే, వెనక సీట్లో దొర నిద్రపోతున్నాడు. లేచిన దొర, పిల్ల ముందు పరువు పోగొట్టకూడదని డ్రైవరులాగా నటించాల్సి వస్తుంది. ఇది చెప్తుంటే మా వాళ్లకి నవ్వు ఆగలేదు. నవ్వాలంటే గాలి పీల్చాలి. ముక్కు గుడ్డ జారిపోతుంది. గాలితోపాటు మిరప దుమ్మంతా లోపలికి! ఇక తుమ్ములు, దగ్గులు. నా పక్కన కూర్చునే వదిన తుమ్మిన తుమ్ముకి ఆవిడ ముందున్న తాలు కాయల గుట్ట మంచి కాయల్లో కలిసిపోయింది. మళ్లీ ఏరుకోవాల్సి వచ్చింది.

గుమస్తాగారు వచ్చి, చేత్తో గాల్లో ఒక గీత గీసి వెళ్లిపోయారు. కామెడీ కూడా బంద్.

మిగిలింది హత్యలు. హత్యకి ఏడుపు రాదు, నవ్వు రాదు. నోరు మూసుకుని, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. పైగా తరుముకునే సీను వస్తే చేతులు వాటంతట అవే పరిగెత్తేవి. నేను కూడా తెలివి మీరాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక అందరికీ కునుకు వచ్చే టైముకి సరిగ్గా ఒక శవం దొరికేలా చూసుకునేదాన్ని. సినిమాలో శవం ఎప్పుడు దొరికిందన్నది మనకి అనవసరం. మా షెడ్డులో అన్నం తిన్నాకే దొరికేది.

ఈ కథలన్నీ వినే మనిషి ఇంకొకావిడ ఉండేది. యజమాని తల్లి, పెద్దమ్మగారు. షెడ్డు వాళ్ల ఇంటి ఆవరణలోనే ఉండేది కాబట్టి, ఆవిడ పొద్దున్నే షెడ్డు గుమ్మం దగ్గర నవారు కుర్చీ వేయించుకుని కూర్చునేది. మమ్మల్ని కనిపెట్టుకుని ఉండటానికని అనేది. మనిషి కటువు. మా పేటవాళ్లకి ఏదిచ్చినా, అరటిపండైనా సరే, పైనుంచి చేతిలో పడేసేది. చెయ్యి తగలనిచ్చేది కాదు. కానీ నేను గొంతు తగ్గిస్తే మాత్రం, “ఏమే పిల్లా, తిండి తినలేదా? ఇక్కడికి వినపడొద్దా?” అని గదిమేది. నేను అటు తిరిగి చెప్పడం మొదలుపెడితే, “నాకెందుకు, వాళ్లకి చెప్పు” అనేది.

ఇక అసలు సంగతి. ఒక లాటు, అంటే ఒక విడత సరుకు, మీద తొందరొచ్చింది. సరుకు శనివారం సాయంత్రం లారీకెక్కాలి. గుమస్తాగారు ఆ రోజు పొద్దున్నే వచ్చి, “లారీ వచ్చేసరికి ఈ కుప్ప నాకు కనపడకూడదు. కనపడిందా, సోమవారం నుంచి పక్క ఊరి ముఠా వస్తుంది. నా చేతుల్లో లేదమ్మా, పైనుంచి మాట” అన్నారు. ఆయన మొహం చూస్తే ఉత్త బెదిరింపు కాదని తెలిసింది.

ఆ షెడ్డు పోతే ఏమవుతుందో మాకు బాగా తెలుసు. చీకటితోనే లేచి, ఒక ఆటోలో పట్టనంతమంది వేలాడుకుంటూ ఎక్కడో దూరంగా ఉన్న కోల్డ్ స్టోరేజీలకి పోవాలి. అలా పోయిన ఆటో ఒకటి అంతకు ముందటేడు కాలవలో పడింది. మా అత్తకి అప్పుడు విరిగిన చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. ఈ షెడ్డుకైతే నడిచి పోతాం, నడిచి వస్తాం.

కుప్ప చూస్తే మా నడుములంత ఎత్తుంది. నేనేమో వారం మధ్యలో మొదలుపెట్టిన హత్య సినిమాని చివరికి తెచ్చి పెట్టుకున్నాను. కొండ మీద ఒక హోటలు. వాన రాత్రి హోటలు యజమానిని ఎవరో చంపేశారు. అక్కడ పాటలు పాడే కుర్రాడి మీద నేరం పడింది. వాడికి తల్లీ తండ్రీ లేరు. ఎవరు చంపారన్నది ఒక్కటే మిగిలింది.

“కవల తమ్ముడే” అంది వదిన. ఆవిడకి ఏ సినిమా చెప్పినా కవల తమ్ముడే.

“కవల తమ్ముడు లేడు వదినా ఇందులో.”

“నువ్వు చూసుండవులే. ఏదో ఒక మూల ఉంటాడు.”

మధ్యాహ్నం అన్నాల దగ్గర మా అత్తని పక్కకి పిలిచాను. “అత్తా, ఒక చిక్కొచ్చింది. చివర్లో ఏడుపుంది.”

అత్త ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. “ఏందీ? హత్య సినిమా అన్నావుగా!”

“హత్యేగానీ, హిందీ వాళ్లు కదత్తా. ఎక్కడ తవ్వినా అడుగున ఒక తల్లి ఉంటది.”

“ఓసి నీ దుంప తెగ! ఇయ్యాల గనక అందరూ కళ్లు తుడుచుకున్నారంటే షెడ్డు పాయె, మనమూ పాయె. ఇంకెవరో చంపారని చెప్పు. సినిమా చూసినోళ్లు ఎవురున్నారిక్కడ?”

నాకూ అదే బాగుందనిపించింది. అన్నాలయ్యాక కూర్చుని, గొంతు సవరించుకుని, “ఆఖరికి పోలీసోడు ఏం కనిపెట్టాడంటే, చంపింది డాక్టరు” అన్నాను.

ఒక మూలనుంచి ఒకావిడ నెమ్మదిగా అంది, “డాక్టరు ఆ రాత్రి కింద ఊళ్లో పురుడు పోస్తన్నాడన్నావుగా?”

“అవునే, కవలలు పుట్టారు కూడా!” అంది వదిన. కవలలైతే ఆవిడ మర్చిపోదు.

“అంటే… పురుడైపోయాక వచ్చాడు.”

“వంతెన తెగిపోయిందిగా వానకి! ఎగిరొచ్చాడా?”

నేను చెప్పిన ప్రతి ముక్కా వాళ్ల దగ్గర భద్రంగా ఉంది. వంతెన నేనే తెంచాను, గురువారం పొద్దున, కొంచెం ఊపు కోసం. వదిన బుట్ట పక్కన పెట్టి చేతులు కట్టుకుంది. “నువ్వు దాస్తన్నావు. నిజం చెప్తేనే చెయ్యి కదులుద్ది. లేకపోతే లేదు.” ఆవిడని చూసి ఇంకొకరు, ఇంకొకరిని చూసి వరసంతా. కాయ తుంచే చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగితే ఎంత భయమేస్తుందో ఆ రోజే తెలిసింది నాకు.

కాటా దగ్గర గుమస్తాగారు లేచి నిలబడ్డారు. “ఏమైందమ్మా? లారీ బయల్దేరిందట అక్కడ!”

చెప్పకపోతే చేతులు ఆగుతాయి. చెప్తే కళ్లు మండుతాయి. మా అత్త విరిగిన చెయ్యి పట్టుకుని నా వైపే చూస్తోంది.

అప్పుడు గుమ్మంలోంచి గొంతొచ్చింది. “చెప్పవే పిల్లా. నిజమే చెప్పు. కళ్ల సంగతి నేను చూస్తా.”

పెద్దమ్మగారు కుర్చీలోంచి లేచింది. ఇంట్లోకి వెళ్లి, సబ్బుతో చేతులు కడుక్కుని, చనిపోయిన వాళ్లాయన మెత్తటి పాత పంచె ఒకటి తెచ్చింది. గుమస్తాగారికి మంచినీళ్ల బకెట్ ఇచ్చి, “నా వెనకే రా” అంది. ఆయన కాటా వదిలేసి వెనకే నడిచారు.

“మీరెవురూ చేతులు ఎత్తబాకండి. కాయ తుంచేది ఆపబాకండి. ఏడుపొస్తే మొహం పైకెత్తండి, అంతే” అంది.

నేను మొదలుపెట్టాను. ఆ హోటల్లో అందరికీ టీలు అందించే ఒక ముసలి ఆయమ్మ ఉంది కదా. మొదటి సీనునుంచీ ఉంది. నేను చెప్తూనే ఉన్నాను, ఆయమ్మ టీ తెచ్చింది, ఆయమ్మ దీపం వెలిగించింది అని. ఎవరూ పట్టించుకోలేదు. సినిమాలో వాళ్లూ పట్టించుకోలేదు, మా షెడ్డులో వాళ్లూ పట్టించుకోలేదు. ఆ కుర్రాడిని కన్నది ఆవిడే. హోటలు యజమాని ఆ రాత్రి నిద్రలో ఉన్న కుర్రాడిని చంపబోతే, అడ్డం వెళ్లి ఆవిడ చంపింది. కోర్టులో నేనే చంపానని ఒప్పుకుంది గానీ, వాడు నా కొడుకని మాత్రం చెప్పలేదు. చెప్తే హంతకురాలి కొడుకని లోకం అంటుందని.

“అయ్యో” అంది వదిన. అంతే, మొదలైంది.

మొహాలు ఒక్కొక్కటే పైకి లేచాయి, వాన కోసం చూస్తున్నట్టు. చేతులు మాత్రం కింద తుంచుతూనే ఉన్నాయి. పెద్దమ్మగారు వరసలోకి వచ్చింది. “ఇటు తిప్పు మొహం. ఊఁ. రెప్పలు మూయి.” పంచె తడుపుతుంది, ఒక కన్ను, రెండో కన్ను, పక్కమనిషి. మా వాళ్లు ముందు బిగుసుకుపోయారు. ఆవిడ చెయ్యి మా మొహాలకి అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు మరి. ఒకావిడ వెనక్కి జరిగితే గడ్డం పట్టుకుని ఆపి, “నిన్ను కొడతానా ఏంది? కదలబాక” అని తుడిచింది.

“జైలు గేటు దగ్గర ఆ కుర్రాడు వచ్చి, ఆయమ్మా, నా కోసం ఇంత చేశావు, నీకేం ఇవ్వగలను? అని అడిగాడు.”

“ఏం అడిగింది? ఏం అడిగింది?” అని వరసంతా.

“ఒక్కసారి అమ్మా అని పిలువు బాబూ, ఊరికే, అంది.”

ఇక చెప్పేదేముంది! పెద్దమ్మగారు ఈ వరసలో తుడుస్తుంటే ఆ వరసలో, “అమ్మగారూ, ఇటండీ, కారిపోతన్నయ్యండీ!” అని కేకలు. “వస్తన్నా, నాకు రెండే చేతులు!” అని ఆవిడ. గుమస్తాగారు బకెట్ పట్టుకుని పరుగులు. ఆయన కళ్లు ఎర్రగా ఉండటం చూసి వదిన, “మీకు కూడా తుడవాలా గుమస్తాగారండీ?” అంటే, “దుమ్మమ్మా, దుమ్ము! నేనెక్కడ విన్నాను, నేను కాటా చూస్తున్నా” అన్నారు. కాటా అటు పక్క గోడ దగ్గర ఉంది.

నా దగ్గరకి చివర్న వచ్చింది. చెప్పే మనిషికి కన్నీళ్లు రావని అందరూ అనుకుంటారు. రాకుండా ఎలా ఉంటాయి? ఆవిడ నా కళ్లూ తుడిచి, పంచె పిండుకుని వెళ్లిపోయింది.

కుప్ప అయిపోయింది. ఏడుస్తూ చేసిన పని అంత వేగంగా సాగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. చివరి బస్తా మూతి కుడుతుంటే లారీ హారన్ వినపడింది. గుమస్తాగారు కుప్ప ఉన్న చోటుకి వచ్చి, ఖాళీ నేలని కాసేపు చూసి, “సోమవారం పొద్దున్నే వచ్చెయ్యండి” అన్నారు. మా అత్త బాగున్న చేత్తో నా వీపు మీద ఒక్కటిచ్చింది. అది మెచ్చుకోవడం.

తర్వాత చాలా పనులు చేశాను, చెల్లెళ్లూ. కొట్లో ఏసీ ఉంది, కుర్చీ ఉంది, పండక్కి చీర ఇస్తారు. చేసిన పని బాగుందో లేదో అప్పటికప్పుడు బుట్టలో పిడికెడు పడి తెలిసే ఉద్యోగం మాత్రం మళ్లీ దొరకలేదు.

మర్నాడు ఆదివారం. చర్చికి తెల్ల చీర కట్టుకుంటుంటే గుమస్తాగారు మా అత్తకి ఫోన్ చేశారు. పెద్దమ్మగారికి కళ్లు వాచిపోయి తెరుచుకోవడం లేదట. అత్త ఫోను పెట్టేసి, “నీ కథే కదా, నువ్వే పో” అంది.

వెళ్లి వాళ్ల గుమ్మం బయట నిలబడ్డాను. అప్పటిదాకా ఎప్పుడూ ఆ గుమ్మం దాటలేదు.

“ఎవురది? నువ్వేనా? లోపలికి రావే, అక్కడ నిలబడి ఏం చేస్తావు?” అంది ఆవిడ లోపలి మంచం మీదనుంచి. రెండు కళ్లూ చింతపండు ఉండల్లా ఉన్నాయి.

“ఏమైందమ్మగారూ?”

“ఏమవుద్ది? అందరి కళ్లూ తుడిచిన గుడ్డతోనే చివరికి నావీ తుడుచుకున్నా. ఇంత వయసొచ్చి, ఇన్ని మిరపకాయలు చూసి! ఎవురికీ చెప్పబాక.”

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. ఆవిడకి కనపడలేదులెండి. వంటింట్లో చల్లటి పాలు ఉన్నాయంటే వెళ్లి గిన్నెలో పోసుకొచ్చాను, దూది తెచ్చాను. మంచం పక్కన కింద కూర్చోబోతే, “కింద నుంచి చెయ్యెట్టా అందుద్ది? మంచం మీద కూర్చో” అంది. కూర్చున్నాను.

దూది పాలల్లో నానుతుండగా ఆవిడ అడిగింది, “ఏమే, ఆ కుర్రాడికి ఆఖరికన్నా తెలిసిందా, ఆవిడ నిజంగా వాళ్లమ్మేనని?”

సినిమాలో తెలియదు. జైలు గేటు మూసుకుంటుంది, ‘ది ఎండ్’ అని పడుతుంది. అవతల చర్చి గంట కొడుతున్నారు. నేను దూది పిండి, ఆవిడ రెండు కళ్ల మీదా మెల్లగా పెట్టి, గేటు మూసుకున్న తర్వాత ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టాను.